ఘాట్ దిగేటప్పుడు ఇంజను ఆపకండి



పాడేరు, చింతపల్లి, అరకు, మారేడుమిల్లి వైపు కొండదారుల్లో తిరిగే ఎన్నో కుటుంబాలకు మోపెడ్ బండే ఆధారం. సంతకు పసుపు, మిరియాలు తీసుకువెళ్ళేది దాని మీదే. పనికి వెళ్ళేది, ఆదివారం ఆరాధనకు వచ్చేది, జ్వరం వస్తే ఆసుపత్రికి వచ్చేది కూడా దాని మీదే. ఆ బండిని మానుకోమని మేము చెప్పడం లేదు. దాని మీద క్షేమంగా ఇల్లు చేరడం ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

బండి మీద నుండి పడి వచ్చినవారిని, "ఎక్కేటప్పుడు పడ్డారా, దిగేటప్పుడా?" అని మేము అడుగుతాం. "దిగేటప్పుడేనండి" అన్న జవాబు మాకు అలవాటైపోయింది. కట్టు కట్టడం అయ్యాక కొందరు మెల్లగా ఇంకో మాట చెబుతారు. "పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపేశానండి." ఈ పాఠమంతా ఆ ఒక్క మాట గురించే.

ఇంజను ఆపితే ఏమవుతుంది?

ఇంజను నడుస్తున్నప్పుడు యాక్సిలరేటరు వదిలితే, అది వెనుక చక్రాన్ని కొంతవరకు పట్టి ఉంచుతుంది. ఇంజను ఆపేస్తే ఆ పట్టు పోతుంది. బండి, మనిషి, మూట, అన్నిటి బరువూ బ్రేకుల మీదే పడుతుంది. మోపెడ్‌కు ఉండేవి సాధారణంగా చిన్న డ్రమ్ము బ్రేకులు. మలుపు తరువాత మలుపు నొక్కుతూనే ఉంటే డ్రమ్ము కాగిపోతుంది, బ్రేకు షూలు పట్టు తప్పుతాయి. లీవరు ఎంత గట్టిగా నొక్కినా బండి ఆగదు. పైగా చాలా మోపెడ్లకు ఇంజను తిరుగుతుంటేనే హెడ్‌లైటు వెలుగుతుంది. చీకట్లో, మంచులో ఎదుటివారికి మీరు కనబడరు. ఇంజను చప్పుడు లేదు కాబట్టి వినబడరు కూడా.

మిగిలిన పెట్రోలు కొద్ది రూపాయలది. విరిగిన తొడ ఎముక కలుసుకోవడానికి నెలలు పడుతుంది. అన్ని నెలలూ ఇంట్లో కూలి డబ్బులు రావు.

వేగం లెక్క

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు సుమారు 11 మీటర్లు పోతుంది. మలుపులో బస్సు కనబడి, చెయ్యి బ్రేకు నొక్కేలోగానే ఆ దూరం అయిపోతుంది. వేగం రెండింతలైతే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. కాబట్టి ఘాట్ ఎంత నెమ్మదిగా ఎక్కారో అంత నెమ్మదిగానే దిగండి.

దిగేటప్పుడు పాటించవలసినవి

1. బయలుదేరే ముందు రెండు బ్రేకులు, టైర్ల గాలి, లైటు, హారను చూసుకోండి. బండిని తోస్తూ బ్రేకు పట్టి చూడటానికి ఒక్క నిమిషం చాలు.

2. మలుపులోకి వెళ్ళాక కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించండి. తడి ఆకులు, ఇసుక, కంకర ఉన్నచోట ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టవద్దు.

3. ప్రతి మలుపు దగ్గర హారను కొట్టి, మీ ఎడమవైపునే ఉండండి. అయితే వాన తరువాత రోడ్డు అంచు మట్టి మెత్తబడి ఉంటుంది. లోయవైపు అంచు మీదికి దిగవద్దు.

4. ఇరుకు రోడ్డులో పైకి ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇది రోడ్డు నియమం. బస్సు వస్తోందని తెలియగానే వెడల్పున్న చోట ఆగండి. కొక్కెం మలుపులో బస్సుకు రోడ్డంతా కావాలి. అక్కడ దాని పక్కన దూరవద్దు.

5. బ్రేకు మెత్తబడినట్టు అనిపించినా, మాడిన వాసన వచ్చినా వెడల్పున్న చోట ఆగి, చల్లారనివ్వండి. కాగిన డ్రమ్ము మీద నీళ్ళు పోయవద్దు.

6. పొగమంచులో హెడ్‌లైటు డిమ్‌లోనే ఉంచండి. లంబసింగి వైపు డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, బ్రేకు పట్టడం ఆలస్యమవుతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి.

7. ముందు మూట పెడితే హ్యాండిలు పూర్తిగా తిరుగుతుందో లేదో చూసుకోండి. వెనుక కూర్చున్న అమ్మలు, చెల్లెళ్ళు చీర చెంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోవాలి. చక్రానికి ఉన్న చీర గార్డును విప్పించవద్దు.

హెల్మెట్ ఎవరికి?

నడిపేవారికే కాదు, వెనుక కూర్చున్నవారికీ చట్ట ప్రకారం హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ ఉండాలి. అనేక అధ్యయనాలను కలిపి 2008లో ప్రచురించిన ఒక సమీక్షలో, హెల్మెట్ వల్ల మరణం ముప్పు సుమారు 42 శాతం, తలగాయం ముప్పు 69 శాతం తగ్గుతున్నట్టు తేలింది. అయితే పట్టీ బిగించకపోతే పడినప్పుడు అది మనకంటే ముందే ఎగిరిపోతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి.

ఇంకొక మాట. పదహారేళ్ళ పిల్లలకు లైసెన్సు ఇచ్చేది 50 సీసీ దాటని గేరు లేని బండికి మాత్రమే. ఇప్పుడు మన ఊళ్ళలో తిరిగే ఎక్సెల్ 100 బండి దాదాపు 100 సీసీది. దానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. "పక్క ఊరికే కదా" అని తాళం చేతికివ్వకండి.

రోగులకు ప్రత్యేకంగా

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకున్న రోజు కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది. జలుబుకు, అలర్జీకి, నొప్పులకు ఇచ్చే కొన్ని మందులు మగత తెస్తాయి. మూర్ఛ ఉన్నవారు డాక్టరుగారు అనుమతించేవరకు బండి నడపకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు ఏమీ తినకుండా బయలుదేరవద్దు, జేబులో బెల్లం ముక్కో చక్కెరో ఉంచుకోండి. మందులిచ్చే కిటికీ దగ్గర, "ఇవి వేసుకుని బండి నడపవచ్చా?" అని అడగండి. చెప్పడం మా బాధ్యత.

దారిలో ఎవరైనా పడి ఉంటే

ముందు మీ బండిని పక్కకు ఆపి, వచ్చే వాహనాలను హెచ్చరించండి. 108కు ఫోను చేసి, దగ్గరలోని కిలోమీటరు రాయి మీది అంకె చెప్పండి. సిగ్నలు లేకపోతే ఒకరిని సిగ్నలు దొరికే చోటికి పంపండి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నోట్లో నీళ్ళు పోయవద్దు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగవద్దు. స్పృహ లేకున్నా ఊపిరి ఆడుతుంటే, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ఇద్దరు ముగ్గురు కలిసి పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

దెబ్బ తిన్నవారిని బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకురావద్దు. మెడలో, వెన్నులో ఎముక విరిగి ఉంటే ఆ కుదుపుకు జీవితాంతం కాళ్ళు చచ్చుబడవచ్చు. అంబులెన్సు రాలేని చోట పలక మీదో, మంచం మీదో వెల్లకిలా పడుకోబెట్టి, తల కదలకుండా పట్టుకుని మోసుకు రండి. సహాయం చేసినవారు తమ పేరు చెప్పాలని ఎవరూ బలవంతపెట్టకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. కాబట్టి భయపడి దాటిపోకండి. సమరయుడు దాటిపోలేదు.

తలకు దెబ్బ తగిలి బాగానే ఉన్నానని ఇంటికి వెళ్ళినవారికి తరువాత వాంతులు, మత్తు, పెరిగే తలనొప్పి, తడబడే మాట కనిపిస్తే, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకురండి.

ఆలోచించండి

ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటివారి మీదికి రాకూడదని దాని ఉద్దేశం. దేవుడు కాపాడతాడని నమ్మినవారికే ఆ ఆజ్ఞ వచ్చింది. ప్రార్థన చేసి బయలుదేరడం మంచిదే, అయితే పిట్టగోడ కట్టవలసింది మనమే. ఘాట్ రోడ్డు మీద బిగించిన హెల్మెట్ పట్టీ, పనిచేసే బ్రేకు, ఆపని ఇంజను మన పిట్టగోడలు.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత ఇంట్లో ఈ మూడు ప్రశ్నలు అడుక్కోండి.

1. మన బండి బ్రేకులు చివరిసారి ఎప్పుడు చూపించాం?
2. ఇంట్లో బండి ఎక్కేవారెందరు, హెల్మెట్లెన్ని?
3. దిగేటప్పుడు ఇంజను ఆపే అలవాటు మనలో ఎవరికి ఉంది?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పినవారిని కోప్పడకండి. ఈ రోజు నుండి మానుకుంటానని మాట తీసుకోండి. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.