ఉచితం అని రాసిన కాగితం

తూంకుంట రాజీవ్ రహదారి మీద ఉంది. సికింద్రాబాదు నుంచి కరీంనగర్ పోయే బస్సులు ఈ దారినే పోతాయి. ఇంకొంచెం ముందుకు పోతే శామీర్‌పేట చెరువు వస్తుంది. ఈ చుట్టుపక్కల రిసార్టులు చాలా ఉన్నాయి. శనివారం, ఆదివారం పట్నం వాళ్లు కార్లలో వస్తారు. ఉంటారు, తింటారు, పోతారు.

అలాంటి ఒక రిసార్టులో యాదమ్మ అనే ఆమె పని చేస్తుందనుకోండి. గదులు ఊడవడం, దుప్పట్లు మార్చడం ఆమె పని. భర్త తుర్కపల్లి వైపు మందుల కంపెనీకి పనివాళ్లను చేరవేసే బస్సు నడుపుతాడు. జీతం బ్యాంకులో పడుతుంది. ఆ బ్యాంకే ఆయనకు క్రెడిట్ కార్డు కూడా ఇచ్చింది. వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల పదో తరగతి.

యాదమ్మ పోయిన ఏడే చదువు నేర్చుకుంది. అంతకు ముందు వేలిముద్ర వేసేది. ఇప్పుడు సంతకం పెడుతుంది. కూడబలుక్కుని చదువుతుంది. తొందరగా చదవలేదు. కానీ చదువుతుంది.

ఒకనాడు సాయంత్రం భర్త ఇంటికి వస్తూనే నవ్వుతూ వచ్చాడు.

"మనకు బహుమతి వచ్చిందే! గోవాల మూడు రోజులు, రెండు రాత్రులు. హోటల్ గది ఫ్రీ అంట. ఫోన్ చేసి చెప్పిండ్రు" అన్నాడు.

"మనకెందుకు ఇస్తరయ్యా? మనం ఏం చేసినం వాళ్లకు?" అంది యాదమ్మ.

నెల కింద పెట్రోలు బంకు దగ్గర ఒక పిల్లవాడు చీటీ ఇచ్చాడు. లక్కీ డ్రా అన్నాడు. ఆయన నింపి డబ్బాలో వేశాడు. ఇలాంటి చీటీలు పెట్రోలు బంకుల్లోనే కాదు, పెద్ద దుకాణాల్లో, నాంపల్లి నుమాయిష్‌లో కూడా నింపించుకుంటారు. చీటీలో ఏం అడిగారు? పేరు, ఫోన్ నంబరు. అంతటితో ఆగలేదు. పెళ్లి అయిందా? జీతం ఎంత? క్రెడిట్ కార్డు ఉందా? ఇవి కూడా అడిగారు. లక్కీ డ్రాకు జీతంతో ఏం పని? ఆ ప్రశ్న చీటీ నింపేటప్పుడు ఎవరికీ తట్టదు.

ఆదివారం మధ్యాహ్నం సికింద్రాబాదులో ఒక హోటలుకు రమ్మన్నారు. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి రావాలి. ఒక్కరే వస్తే బహుమతి ఇవ్వరు. కార్డు కూడా వెంట తెచ్చుకోవాలి. గంటసేపు ఏదో చెబుతారట, అది వినాలి. కొనాలన్న బలవంతం ఏమీ లేదట.

యాదమ్మకు అనుమానం ఉంది. ఆశ కూడా ఉంది. ఏడాది పొడుగునా ఇంకొకరి దుప్పట్లు మార్చే మనిషికి, ఒక్కసారి తన దుప్పటి ఇంకొకరు మారిస్తే చూడాలని ఉండదా? సముద్రం చూడాలని ఉండదా? ఉంటుంది. అందులో తప్పేమీ లేదు.

ఇద్దరూ బస్సెక్కి పోయారు.

హోటల్ హాలులో చిన్న చిన్న బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో జంట. వాళ్లకు ఎదురుగా టై కట్టుకున్న మనిషి. పాటలు గట్టిగా పెట్టారు. పక్కవాళ్ల మాట వినపడదు. చల్లటి నీళ్లు, సమోసాలు ఇచ్చారు. గోవా, ఊటీ, సింగపూర్ ఫొటోలు చూపించారు. "పిల్లలకు మీరు ఏం జ్ఞాపకాలు ఇస్తున్నారు మేడమ్?" అని అడిగారు. మధ్యమధ్యలో ఎవరో సభ్యులుగా చేరారని చెప్పి అందరిచేత చప్పట్లు కొట్టించారు. గంట అన్నది మూడు గంటలు దాటింది.

అప్పుడు అసలు సంగతి బయటికి వచ్చింది. సభ్యత్వం తీసుకోవాలి. ధర 1,80,000 రూపాయలు. భర్త ముఖం చూసి ఆ మనిషి మేనేజరును పిలిచాడు. మేనేజరు వచ్చి ధర 90,000 చేశాడు. "ఇది ఈ ఒక్క రోజుకే సార్. కార్డు ఇవ్వండి, కిస్తులు చేస్తాం. నెలకు కొంచెమే పడుతుంది" అన్నాడు. భర్త జేబులోంచి కార్డు తీశాడు. కాగితాలు ముందుకు వచ్చాయి. ఇంటు గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాలి. భార్యది కూడా కావాలి.

యాదమ్మ కాగితం దగ్గరికి జరుపుకుంది. ఇంగ్లీషులో ఉంది. అక్షరాలు అన్నీ రావు. కానీ అంకెలు వచ్చు. 90,000 కనపడింది. దాని కింద ఇంకో చోట 8,000 కనపడింది. వేలు పెట్టి అడిగింది.

"ఇదేంది సార్? ఎనిమిది వేలు ఎందుకు?"

"అది మామూలే మేడమ్. మెయింటెనెన్స్."

"ఒక్కసారా, ఏటేటా?"

ఆ మనిషి కొంచెం ఆగి "ప్రతి సంవత్సరం" అన్నాడు.

"మేము పోకపోయినా కట్టాల్నా?"

"కట్టాలి మేడమ్. కానీ మీరు ఎందుకు పోరు? తప్పకుండా పోతారు."

"కాగితం ఇంటికి తీస్కపోయి మా బిడ్డతోని చదివించుకుంటం. రేపు చెప్తం."

"కాగితం ఇంటికి ఇవ్వం మేడమ్. ఈ ధర మళ్లీ రాదు. చదవాల్సింది ఏమీ లేదు. అన్నీ నేను చెప్పాను కదా. సంతకం పెట్టండి చాలు."

సంతకం నేర్చుకోవడానికి యాదమ్మకు మూడు నెలలు పట్టింది. చదవకుండా పెట్టడానికి నేర్చుకోలేదు. "అయితే మాకొద్దు సార్" అని లేచింది.

భర్తకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందు భార్య కాదన్నది. తిరుగు బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. బహుమతి కాగితం మాత్రం ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఆ మనిషి ముఖంలో ముందున్న నవ్వు లేదు.

ఇంటికి వచ్చాక పెద్దపిల్ల ఆ కాగితం చదివింది. ముందువైపు బంగారు రంగు అక్షరాల్లో ఉచితం అని ఉంది. వెనుకవైపు చీమల్లాంటి అక్షరాలు. పిల్ల ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పింది. పోవాలనుకుంటే 60 రోజుల ముందు చెప్పాలి. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో కుదరదు. గది ఖాళీ ఉంటేనే ఇస్తారు. పెద్దవాళ్లు ఇద్దరికే, పిల్లలకు వేరే కట్టాలి. తిండి, రైలు ఖర్చు కలవవు. ముందుగా 2,500 రూపాయల ఫీజు కట్టాలి. ఏ కారణం చేత పోకపోయినా ఆ ఫీజు తిరిగి ఇవ్వరు. గడువు ఆరు నెలలు.

పిల్లల సెలవుల్లో ఇవ్వరు. బడి ఉన్నప్పుడు ఇస్తారు. ఇక పిల్లలను తీసుకుని పోయేది ఎప్పుడు?

యాదమ్మ లెక్క వేసింది. మామూలు గది రోజుకు 1,500 అనుకుంటే రెండు రాత్రులకు 3,000. ఆ గది ఉచితం అంటూ 2,500 ముందే తీసుకుంటున్నారు. అంటే మిగిలేది 500. ఆ 500 కోసం రానుపోను రైలు ఖర్చు, తిండి ఖర్చు, ఇద్దరి పని పోగొట్టుకున్న రోజులు. సికింద్రాబాదుకు పోయిన ఆదివారం లెక్కలో వేయనే లేదు.

"ఇది మన పైసలతోని మనకే ఇచ్చే బహుమతి" అంది.

"సరే, మరి సభ్యత్వం సంగతి?" అన్నాడు భర్త. కోపం ఇంకా పోలేదు. ఆ లెక్క కూడా వేశారు. పది సంవత్సరాల సభ్యత్వం, ఏటా ఆరు రాత్రులు అని చెప్పారు. అంటే మొత్తం 60 రాత్రులు. కట్టేది 90,000. ఏటా 8,000 చొప్పున పదేళ్లకు 80,000. రెండూ కలిపితే 1,70,000. దాన్ని 60తో భాగిస్తే ఒక్క రాత్రికి 2,800 పైన పడుతుంది. అది కూడా ఏ ఒక్క ఏడూ తప్పకుండా, ఆరుకు ఆరు రాత్రులూ పోతేనే. కార్డు కిస్తుల మీద వడ్డీ వేరే. మెయింటెనెన్స్ ఏటా పెరిగితే అదీ వేరే. ఎప్పుడు కావాలంటే అప్పుడు 1,500 ఇచ్చి గది తీసుకుంటే ఈ బాధ లేదు.

భర్త కాగితం తిప్పి తిప్పి చూశాడు. "గోవా సంగతేమో కానీ అన్నం పెట్టు" అన్నాడు.

ఇలా ఒక గదిని చాలామంది ఏడాదిలో తలా కొన్ని రోజులు పంచుకునే పద్ధతిని టైమ్‌షేర్ అంటారు. ఇది 1960లలో ఐరోపాలో మొదలైంది. స్విట్జర్లాండ్‌లో హాపిమాగ్ అనే సంస్థ 1963లో పుట్టింది. మన దేశంలో స్టెర్లింగ్ సంస్థ 1986లో, మహీంద్రా వాళ్ల హాలిడే సంస్థ 1996లో మొదలయ్యాయి. పద్ధతే మోసం అనడానికి లేదు. ఏటేటా తప్పకుండా సెలవు దొరికేవాళ్లకు, చేతిలో డబ్బు ఆడేవాళ్లకు అది పనికి రావచ్చు. సెలవు అడిగితే ఆ రోజు కూలి కోసే ఇంటికి అది ఎట్లా పనికి వస్తుంది?

ఐరోపా దేశాల్లో 2008 నాటి ఒక చట్టం ఉంది. టైమ్‌షేర్ కాగితం మీద సంతకం పెట్టినా, 14 రోజుల లోపల కారణం చెప్పకుండానే వద్దనుకోవచ్చు. ఆ గడువు ముగిసేదాకా అమ్మినవాడు డబ్బు తీసుకోకూడదు. ఇంటికి పోయి, చల్లబడి, ఆలోచించుకోవడానికి ఆ గడువు. మన దగ్గర కొన్ని కంపెనీలు ఇన్ని రోజుల్లో రద్దు చేసుకోవచ్చని కాగితంలో రాస్తాయి. రాసి ఉందా లేదా అని సంతకానికి ముందే చూసుకోవాలి. నోటితో చెప్పింది తర్వాత ఎవరూ ఒప్పుకోరు.

మరి ఇలాంటి బహుమతి కాగితం తీసుకోవాలా, వద్దా? ఊరికే ఇస్తే తీసుకోవచ్చు, పారేయవచ్చు. దానికోసం రూపాయి కట్టాల్సి వచ్చినా, చదవని కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చినా వద్దనడమే మేలు. ఫోన్‌లోనే "ముందు ఫీజు పంపండి, ఓటీపీ చెప్పండి" అంటే అది బహుమతి కానే కాదు. అలా డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

మరుసటి వారం సంఘం మీటింగులో యాదమ్మ ఈ కాగితం చూపించింది. అందరూ నవ్వారు. ఒకామె మాత్రం నవ్వలేదు. ఆమె చెల్లెలు అల్వాల్‌లో ఉంటుంది. ఎనిమిది నెలల కింద ఇలాగే ఒక హోటలుకు పోయి 60,000 కట్టింది. కూతురి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బు అది. గది కావాలని ఎప్పుడు ఫోన్ చేసినా ఖాళీ లేదంటారు. డబ్బు వాపసు అడిగితే ఫోన్ పెట్టేస్తారు. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

"సంతకం పెట్టింది కదా అక్కా. ఇంకేం చేస్తం?" అంది ఆమె.

సంతకం పెట్టినా దారి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. బహుమతి అని చెప్పి ఇవ్వకపోవడం, ఖరీదు వేరే రూపంలో రాబట్టుకుంటూ ఉచితం అని నమ్మించడం అనుచిత వ్యాపారం అని ఆ చట్టం చెబుతుంది. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే కమిషన్ ఫీజు ఏమీ లేదు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మనం ఉండే జిల్లాలోనే ఇవ్వవచ్చు. లాయరు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. అయితే జరిగిన రెండేళ్ల లోపల ఇవ్వాలి. ఎనిమిది నెలలే కాబట్టి అల్వాల్ చెల్లెలికి ఇంకా గడువు ఉంది.

కాగితాలు కావాలి. డబ్బు కట్టిన రశీదు, సంతకం పెట్టిన ఒప్పందం, కార్డు లెక్క, ఫోన్‌లో వచ్చిన మెసేజీలు. ఏదీ చెరపకూడదు. ముందు కంపెనీకి ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాలి. దాని రశీదు దాచాలి.

ఆ ఆదివారం చెల్లెలు రశీదులన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని తూంకుంట వచ్చింది. ఆమెకు రాయడం రాదు. యాదమ్మ నోటుబుక్కులోంచి కాగితం చింపింది. పైన తారీఖు వేసింది. కంపెనీ పేరు రశీదు చూసి ఒక్కో అక్షరమే దింపింది. ఎన్నడు కట్టింది, ఎంత కట్టింది, ఎన్నిసార్లు ఫోన్ చేసింది, ఏమన్నారు అన్నీ అడిగి రాసింది. డబ్బు సంగతి అంకెల్లో 60,000 అని ఒకసారి, పక్కనే అరవై వేల రూపాయలు అని అక్షరాల్లో ఒకసారి రాసింది. పావు పేజీకి గంట పట్టింది.

రాసిందంతా పైకి చదివి వినిపించింది. చెల్లెలు ఒకచోట ఆపింది. "తారీఖు తప్పు పడ్డదక్కా. పదకొండు కాదు, పన్నెండు" అంది. యాదమ్మ కొట్టేసి, పైన 12 అని వేసింది.