విమాన నిర్మాణం – సరఫరా గొలుసు

ఉద్దేశం: ఒక బృహత్కార్యాన్ని పలువురికి పంచి ఇచ్చినప్పుడు కలిగే లాభనష్టాలను, ఆ కార్యానికి బాధ్యత వహించవలసిన తీరును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ముడి పదార్థం గని నుంచి వెలువడింది మొదలు, తయారైన వస్తువు కొనుగోలుదారుకు చేరేవరకు ఎన్నో అంచెలుంటాయి. ఆ అంచెల వరుసనే సరఫరా గొలుసు అంటారు. గొలుసులో ఒక్క లంకె తెగినా మిగిలిన లంకెల బలం నిష్ప్రయోజనం. ఈ సత్యం అన్ని పరిశ్రమలకూ వర్తించినా, విమాన పరిశ్రమలో దాని ప్రాధాన్యం మరింత ఎక్కువ. విమానంలో వాడే ప్రతి భాగమూ నిర్దిష్ట ప్రమాణాల ప్రకారం తయారు కావాలి, పరీక్షలకు నిలవాలి, ప్రభుత్వ నియంత్రణ సంస్థల ఆమోదం పొందాలి. ఒక సరఫరాదారు విఫలమైతే మరునాడే మరొకరి సరుకు తెచ్చి బిగించడం ఇక్కడ సాధ్యం కాదు. అందువల్ల ఎవరి చేత ఏ భాగం చేయించాలి, ఎంతవరకు చేయించాలి అన్న నిర్ణయం ఈ పరిశ్రమకు ప్రాణప్రదమైనది.

ఇందుకు చక్కని ఉదాహరణ అమెరికాకు చెందిన బోయింగ్ సంస్థ నిర్మించిన 787 డ్రీమ్‌లైనర్ విమానం. 2004 ఏప్రిల్‌లో జపాన్ విమాన సంస్థ ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ 50 విమానాలు కావాలని కోరడంతో ఈ నిర్మాణానికి శ్రీకారం జరిగింది. విమానం బరువులో దాదాపు సగం కార్బన్ నారతో రూపొందించిన మిశ్రమ పదార్థమే. తేలికగా ఉండటం వల్ల ఇంధనం ఆదా అవుతుంది. ఈ విమానంలో సుమారు 23 లక్షల భాగాలుంటాయి.

పదార్థం కొత్తది కావడంతోపాటు నిర్మాణ విధానం కూడా కొత్తదే. అంతకుముందు బోయింగ్ సంస్థ చాలావరకు తానే నమూనాలు గీసి, వాటి ప్రకారం భాగాలు చేసి ఇవ్వమని ఇతరులను కోరేది. 787 విషయంలో పెద్దపెద్ద భాగాల రూపకల్పనను కూడా భాగస్వాములకే అప్పగించింది. వారు తమ సొంత పెట్టుబడితో కర్మాగారాలు నెలకొల్పాలి. విమానం అమ్ముడయ్యాకే ప్రతిఫలం పొందాలి. నష్టభయంలో కూడా వారు పాలుపంచుకోవాలన్నది ఈ విధానంలోని అంతరార్థం.

ఆ ప్రకారం జపాన్‌లో మిత్సుబిషి సంస్థ రెక్కలను, ఫుజి సంస్థ రెక్కలను కలిపే మధ్యభాగాన్ని, కవాసాకి సంస్థ విమానదేహంలో ఒక భాగాన్ని చేపట్టాయి. ఇటలీలో అలేనియా సంస్థ దేహపు మధ్యభాగాలను, అమెరికాలోని దక్షిణ కరొలినాలో వాట్ సంస్థ వెనుక భాగాలను, కాన్సాస్ రాష్ట్రంలోని విచితాలో స్పిరిట్ సంస్థ ముక్కు భాగాన్ని తయారుచేశాయి. వీటిని తరలించడానికి నాలుగు 747 విమానాలను ప్రత్యేకంగా మార్చి రవాణాకు వాడారు. అన్నీ సియాటిల్ సమీపంలోని ఎవరెట్ కర్మాగారానికి చేరితే మూడు రోజుల్లో విమానాన్ని కూర్చవచ్చునని సంస్థ ఆశించింది.

ఈ పోకడలోని ప్రమాదాన్ని ముందే గ్రహించినవారు ఆ సంస్థలోనే ఉన్నారు. ఎల్. జె. హార్ట్-స్మిత్ అనే ఇంజనీరు 2001లో ఒక పత్రం సమర్పించారు. పనితోపాటు లాభం కూడా బయటివారికి తరలిపోతుందని, సరఫరాదారుల్ని పర్యవేక్షించి, సాంకేతికంగా ఆదుకునే ఖర్చు మాత్రం మూలసంస్థకు తప్పదని ఆయన హెచ్చరించారు. ఆ ఖర్చుకు వెనుకాడితే, గొలుసులో అందరికన్నా తక్కువ నైపుణ్యం గలవారి స్థాయిని మించి సంస్థ ఎదగలేదన్నది ఆయన వాదన.

జరిగినది ఆ హెచ్చరికకు తగినట్టే ఉంది. 2007 జూలై 8న తొలి విమానాన్ని ఘనంగా ప్రదర్శించారు. చూపరులకు అది పూర్తయిన విమానమే. లోపల మాత్రం అనేక పరికరాలు లేవు. చాలాచోట్ల తాత్కాలిక మరమేకులతో భాగాలను కలిపి నిలబెట్టారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తరువాత విమానాల గిరాకీ పడిపోవడంతో మరమేకులు చేసే సంస్థలు ఉద్యోగుల్ని తగ్గించుకున్నాయి. గిరాకీ తిరిగి పెరిగేసరికి కావలసిన సరుకు దొరకలేదు. అరచేతిలో ఇమిడే మరమేకు కోసం మహా విమానం ఆగవలసి వచ్చింది. భాగస్వాములు పూర్తిచేయకుండా పంపిన పనులను ఎవరెట్‌లోనే చేయవలసి రావడంతో మూడు రోజుల లెక్క తారుమారయింది.

తొలి విమానాన్ని 2008 మేలో అందించవలసి ఉండగా, అది తొలిసారి ఎగిరినదే 2009 డిసెంబర్ 15న. ఆల్ నిప్పన్ సంస్థ చేతికి అందినది 2011 సెప్టెంబర్‌లో. ఈలోగా, వాట్ సంస్థ కర్మాగారాన్ని 2009లో బోయింగ్ స్వయంగా కొనుగోలు చేసింది. పొదుపు కోసం బయటికి పంపిన పనిని అధిక వ్యయంతో తిరిగి ఇంటికి తెచ్చుకున్నట్టయింది.

కష్టాలు అంతటితో తీరలేదు. 2013 జనవరిలో రెండు డ్రీమ్‌లైనర్లలో బ్యాటరీలు వేడెక్కి పాడయ్యాయి. మన ఎయిర్ ఇండియా విమానాలతో సహా ప్రపంచంలోని 787 విమానాలన్నీ మూడు నెలలకు పైగా నేలమీదే నిలిచాయి. బ్యాటరీని తయారుచేసినది జపాన్ సంస్థ. దానిని విద్యుద్వ్యవస్థలో భాగంగా అందించినది ఫ్రాన్స్ సంస్థ. విమానంలో అమర్చినది అమెరికా సంస్థ. బ్యాటరీ లోపల షార్ట్ సర్క్యూట్ కలిగితే ఎంతటి ప్రమాదం రాగలదో బోయింగ్ తగినంతగా అంచనా వేయలేదని, ఆ లోపాన్ని నియంత్రణ సంస్థ కూడా గుర్తించలేదని అమెరికా దర్యాప్తు సంస్థ 2014లో తేల్చింది.

"పదిమందిలో పాము చావదు" అని మన సామెత. ఒకరు కొడతారని మరొకరు ఊరుకుంటే పాము తప్పించుకుపోతుంది. 2024 జనవరి 5న అమెరికాలో జరిగిన సంఘటన ఈ సామెతకు వ్యాఖ్యానం వంటిది. అలాస్కా ఎయిర్‌లైన్స్ వారి 737 మాక్స్ 9 విమానం గాలిలో ఉండగా, తలుపు స్థానంలో బిగించిన పలక ఊడిపోయింది. అదృష్టవశాత్తు ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. ఆ విమానదేహం స్పిరిట్ సంస్థ చేసినది. అందులోని రివెట్ల లోపం సరిచేయడానికి బోయింగ్ కర్మాగారంలో ఆ పలకను తెరిచారు. మూసేటప్పుడు నాలుగు బోల్టులను తిరిగి బిగించలేదు. తెరిచినట్టు నమోదు చేసిన పత్రమే లేదు. పత్రం లేనందున తనిఖీ చేయాలన్న స్పృహ ఎవరికీ కలగలేదు. విచితాలోని కర్మాగారాన్ని 2005లో అమ్మివేసిన బోయింగ్, స్పిరిట్ సంస్థను కొనడానికి 2024 జూలైలో ఒప్పందం చేసుకుంది.

సంస్థల మాట అటుంచితే, దేశాల విధానాలు కూడా ఈ గొలుసును ప్రభావితం చేస్తాయి. విమానాలకు అవసరమైన టైటానియం లోహానికి రష్యా ముఖ్యమైన వనరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా టైటానియం కొనుగోలును బోయింగ్ నిలిపివేసింది. ఒకే వనరుపై ఆధారపడటం ఎంత ప్రమాదమో ప్రపంచం గ్రహించింది. మన దేశం విమాన భాగాల దిగుమతిపై సమీకృత వస్తుసేవల పన్నును 2024 జూలై నుంచి ఒకే రీతిగా 5 శాతంగా నిర్ణయించింది. మరమ్మతుల పరిశ్రమ ఇక్కడ వర్ధిల్లాలన్నది దాని ఆశయం.

ఈ గొలుసులో తెలుగునేలకు కూడా స్థానముంది. 1973లో హైదరాబాదులో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్ టైటానియం మిశ్రలోహాలను ఉత్పత్తి చేస్తున్నది. రంగారెడ్డి జిల్లా ఆదిబట్లలో టాటా, బోయింగ్ సంస్థలు కలిసి 2018లో ప్రారంభించిన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారవుతున్నాయి. 2023లో అక్కడి నుంచే 737 విమానపు నిలువు తోకభాగం కూడా తొలిసారి ఎగుమతికి సిద్ధమైంది. ఇక్కడ బిగించిన మరమేకు మీద ఏ దేశపు ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయో బిగించిన వారికి తెలియదు. ప్రయాణికులకు వీరెవరో తెలియదు. వారి మధ్యనున్న బంధం నమ్మకమే. చేసిన పనిని చేసినట్టు రాయడం, చేయనిదానిని చేయలేదని నిర్భయంగా చెప్పడం ఆ నమ్మకానికి ఆధారాలు.

పని విభజన లేనిదే నేటి పరిశ్రమ లేదు. అయితే పనిని పంచినవారు దానిని కనిపెట్టి ఉండే కర్తవ్యాన్ని కూడా పంచివేసి చేతులు దులుపుకోరాదు. రేపు ఇటువంటి పరిశ్రమల్లో అడుగుపెట్టబోయే యువత గుర్తుంచుకోవలసిన పాఠమిదే.

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. డ్రీమ్‌లైనర్ నిర్మాణంలో ఆలస్యానికి దారితీసిన కారణాలను వివరించండి.
2. "పదిమందిలో పాము చావదు" అన్న సామెతను పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. హార్ట్-స్మిత్ చేసిన హెచ్చరిక ఏమిటి?
2. విమాన పరిశ్రమలో తెలుగునేల పాత్రను తెలపండి.