సైనికునికి తోడైన శునకము

గాయమనగా రక్తము కారునదే యని మనము తలంతుము. యుద్ధము నుండి మరలివచ్చిన కొందఱు సైనికులకు గాయము మనస్సునం దుండును. రాత్రులందు పీడకలలు వచ్చును, చిన్న చప్పుడునకే గుండె యదరును, జనసమ్మర్దమున నిలువజాలరు. 1915లో మైయర్స్ అను ఆంగ్ల వైద్యుడు దీనిని "షెల్ షాక్" అను పేర వైద్యపత్రికలో వర్ణించెను.

ఇట్టివారికి అమెరికాలో శిక్షితములైన కుక్కలను తోడుగా నిచ్చుచున్నారు. యజమాని పీడకలలో కలవరించునపుడు కుక్క తట్టి లేపును. భయము పెరుగుట గుర్తించి మోకాలిపై తల యానించును. గుంపులో నతని వెనుక నిలిచి యెడము కల్పించును. మాజీ సైనికులు కుక్కలకు శిక్షణ నిచ్చుచు స్వస్థత పొందుటకై అచటి ప్రభుత్వము 2021లో నొక చట్టము చేసెను. 2024లో వెలువడిన పరిశోధనలో 156 మందిని పరిశీలింపగా, మూడు నెలల పిమ్మట కుక్క తోడున్నవారికి బాధ తక్కువగా నుండెను.

"అయిన కుక్కయే వైద్యుడా?" యని మా తరగతిలో నొక బాలు డడిగెను. కాదు, అది చికిత్సకు తోడు మాత్రమే. దానికిని ఆకలియు, అలసటయు గలవు. దానిని నడిపించుటకై సైనికుడు ప్రొద్దున లేచి వీధిలోనికి వచ్చును. అదియు నొక మేలే.

బాలబాలికలారా! ఆ కుక్క యేమియు ప్రశ్నింపక ప్రక్కన నుండును. మన యింటను, పొరుగునను మౌనముగా బాధపడువారికి మనమును ఆ మాత్రము చేయవచ్చును.