రేషన్ కార్డులో లేని మనుషులు

ప్రొద్దుటూరు

మేనకోడలికి,

నువ్వు పంపిన సామాజిక విచారణ రిపోర్టు నిదానంగా చదివినాను. పేర్లు, ఊరు కొట్టేసి పంపినావు, ఆ జాగ్రత్త బాగుంది. చేతిరాత కూడా మీ నాయన మాదిరి కాకుండా చదివేటట్టు ఉంది. అయితే "తల్లి నిర్లక్ష్యం కనపడుతోంది" అన్న వాక్యం దగ్గర ఆగిపోయినాను. నిర్లక్ష్యం కనపడదు పాపా. ఇంకేదో కనపడి ఉంటుంది, దానికి నువ్వు ఆ పేరు పెట్టినావు. పది గంటలకు కూడా పొయ్యి రాజెయ్యలేదు, పిల్ల తల దువ్వుకోలేదు, బడికి పోలేదు, నువ్వు లోపలికి పోతే తల్లి లేచి పలకరించలేదు. చూసింది అదయితే అదే రాయి. అది చదివితే బాలల సంక్షేమ కమిటీ వాళ్లు ఆ తల్లికి ఒంట్లో బాగుందా, పని ఏ వేళ మొదలవుతుంది అని అడుగుతారు. "నిర్లక్ష్యం" అని చదివితే ఇంకేమీ అడగరు. సంతకం పెట్టి పిల్లను హోముకు పంపుతారు. 2015 బాలల న్యాయ చట్టం హోము ఆఖరి దారి కావాలంటోంది గానీ, ఆఖరిదో మొదటిదో తేలేది నీ కాగితంలోనే.

సామాజిక విచారణ 15 రోజుల్లో ముగించాలని అదే చట్టంలో ఉంది. ఆ 15 రోజుల్లో ఒక్కసారే పోయి అన్ని గడులూ నింపుకొని వచ్చేవాళ్లను చాలామందిని చూసినాను. నువ్వు రెండోసారి పో. మొదటిసారి పోయినప్పుడు ఇంటివాళ్లు నిన్ను చూస్తారు, నువ్వు వాళ్లను చూసేది ఆ తర్వాతే.

ఆ ఇంట్లో మగ్గం గుంతలున్నాయని రాసినావు. జమ్మలమడుగు పక్క, వేపరాల చుట్టుపక్కల చేనేత ఇండ్లు నాకు బాగా తెలుసు. గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి లేచి "రాండమ్మా, కూర్చోండి" అనాలంటే నేత నిలిపేయాల. సావుకారు చీర ఈ వారం ఇయ్యమన్నాడంటే ఆమె లేవదు. లేవలేదని మర్యాద లేదనుకోవద్దు. రెండు మగ్గాలుంటే రెండూ చూడు. ఒకదాని మీద పడుగు ఉండి, రెండోదాని మీద దుమ్ము ఉంటే, ఆ రెండో మగ్గం ఎవరిదని అడుగు. "మా ఆయనది" అంటుంది. ఆయన యాడున్నాడు, ఎప్పటి నుంచి నేయడం లేదు, చెయ్యి పోయిందా, తాగుడా, మట్కానా, బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయినాడా? "భర్త ఉన్నాడా" అని నువ్వు అడిగిన ప్రశ్నకు "ఉన్నాడు" అని ఒక్క మాటలో జవాబు వచ్చింది, నువ్వు రాసుకున్నావు. దుమ్మును చూసి అడిగితే కథంతా వస్తుంది.

ఆదాయం గడిలో చీరకు ఇంత, నెలకు ఇన్ని చీరలు అని గుణించినావు. సావుకారి దగ్గర తీసుకున్న అడ్వాన్సు ప్రతి కూలిలోనూ కోత పడుతుందే, అది యాడ పెట్టినావు? కండెలు చుట్టే పిల్లకు, ముసలవ్వకు కూలి లేదు కాబట్టి వాళ్లు నీ లెక్కలోకే రాలేదు. పిల్ల కండెలు చుడుతూ ఉంటే బాలకార్మికురాలు అని ఒక గీత గీసి వదలొద్దు. బడికి పోయి వచ్చినాక చుడుతోందా, బడి మానేసి చుడుతోందా అన్నది తేల్చు. పిల్లను పక్కకు పిలిచి, తల్లి వినకుండా మాట్లాడు. కానీ ముందు తల్లిని అడిగి పిలువు, లేకపోతే నువ్వు వచ్చిపోయినాక ఆ పిల్లకు దెబ్బలు పడతాయి.

ప్రొద్దుటూరులో పద్ధతి వేరు. ఇక్కడ బంగారం అంగళ్లను చూసి పైనుంచి వచ్చిన వాళ్లు ఊరంతా డబ్బే అనుకుంటారు. మెడలో గొలుసును బట్టి ఇంటి స్థితిని కొలవొద్దు. "నగలు ఇంట్లో ఉన్నాయా, కుదువలో ఉన్నాయా?" అని మెల్లగా అడుగు. అప్పు ఎంత అంటే చెప్పరు, కంతు ఏ వారం అంటే చెప్తారు. అప్పిచ్చింది గ్రూపు అయితే ఒక తీరు, మూడు రూపాయల వడ్డీవాడు అయితే ఇంకో తీరు. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ నెలకు 4,000 రూపాయలు రావాలంటే ఏడాది ఆదాయం పల్లెలో 72,000, పట్టణంలో 96,000 దాటకూడదు. అప్పును ఎంచని లెక్క రాసి పంపితే నీ చేత్తోనే ఆ సాయం చెడగొట్టినట్టు.

ఇంకో సంగతి. కొన్ని ఇండ్లల్లో "అమ్మ యాడికి పోయింది?" అంటే "బెంగళూరు" అంటారు, నిజంగా కువైట్‌లో ఉంటుంది. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్‌కు పోకూడదని మన ప్రభుత్వ నియమం. వేరే దారిలో పోయిన మనిషి సంగతి సర్కారు కాగితం పట్టుకొచ్చిన నీకు ఎందుకు చెప్తారు? అది అబద్ధం అని కోప్పడొద్దు, భయం. జేజి దగ్గర కూర్చో, రాత్రి ఫోన్ ఎన్నింటికి వస్తుందని అడుగు. వాళ్ల గడియారానికీ మనదానికీ రెండున్నర గంటల తేడా. ఫోన్ అర్ధరాత్రి దాటినాక వస్తోందంటే ఆ తల్లికి పని అప్పుడే ముగుస్తోందని అర్థం చేసుకో. ఇల్లు ఈ ఊళ్లో ఉండి, ఇంటిని మోసే మనిషి సముద్రం అవతల ఉంటే, రేషన్ కార్డు చూసి కుటుంబం గీస్తే తప్పే వస్తుంది.

ఎవరి మాట ఎంత నమ్మాల అన్నది పాత ప్రశ్నే. 1917లో అమెరికాలో మేరీ రిచ్‌మండ్ 'సోషల్ డయాగ్నోసిస్' అని పుస్తకం రాసింది. ఇంటివాళ్లు, బంధువులు, వైద్యులు, బడి, యజమాని, ఇరుగుపొరుగు, ఎవరి మాటకు ఎంత విలువ ఇయ్యాలో ఓపికగా విడదీసింది. కాలేజీలో ముక్కున పట్టి పరీక్ష రాసి మర్చిపోయే పుస్తకం అది. ఇప్పుడు తీసి చదువు, ఇప్పుడే అర్థమవుతుంది.

గండికోట ముంపువాళ్ల కాలనీలకు పోయేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాల. కొండాపురం పక్క తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు రిజర్వాయరు నీళ్ల కోసం 2020లో ఖాళీ అయినాయి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పెద్దయిన ప్రతి కొడుకూ, కూతురూ వేరే కుటుంబం. విధవరాలూ, మొగుడు వదిలేసిన ఆడమనిషీ వేరే కుటుంబాలే. కుండ ఒకటే ఉన్నా కాగితం మీద నాలుగు ఇండ్లు. డబ్బు నలుగురికీ వేరువేరుగా వచ్చినాక కుండలు కూడా నిజంగానే వేరయిన ఇండ్లున్నాయి. ముసలితల్లి ఎవరి కుండలో తింటోందో వాకబు చేయి. చిన్నకోడలు మాత్రమే పెడుతూ ఉంటే అది రాయి, పెద్దకొడుకు పెట్టడం లేదని ఆరోపణ రాయొద్దు.

పులివెందుల పక్క ఊళ్లకు పోతే నీ ప్రశ్నకు ముందే వాళ్ల ప్రశ్న వస్తుంది, "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అని. నవ్వి దాటెయ్యొద్దు, నాయన పేరు, ఊరు, ఆఫీసు చెప్పు. ఏ నాయకుడి జీపూ ఎక్కొద్దు. ఊళ్లో మొదట ఎవరింట్లో కాఫీ తాగినావో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది, ఆ పైన ఎదుటి వర్గం తలుపు తెరవదు. సచివాలయం మహిళా పోలీసును మొదటిరోజే వెంటబెట్టుకొని పోవద్దు. కక్షల్లో మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో గోడ మీది ఫోటో గురించి అడగొద్దు, వాళ్లే చెప్పేదాకా ఆగు. చీనీ తోట ఎండిపోయి బోరు మీద బోరు వేసిన అప్పు గురించి మాత్రం ఎంతసేపైనా మాట్లాడతారు, అక్కడి నుంచి మొదలుపెట్టు.

నీ రిపోర్టులో ఇంకొకటి లేదు. ఆ ఇంటికి ఎవరు వస్తారు, ఎవరు అప్పడిగితే ఇస్తారు, పిల్లకు జ్వరం వస్తే జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రికి బండి మీద ఎవరు తీసుకుపోతారు? లేనివి పేజీ నిండా రాసినావు. ఉన్నదాన్ని ఒక్క పేరా అయినా రాయి. ఆ తల్లికి పక్కింట్లో మేనమామ ఉన్నాడని నీ నోటు చివర పెన్సిల్‌తో గీకినావు చూడు, ఆయనను కలిసిరా. కమిటీ వాయిదా లోపల కలవడం కుదరకపోతే ఇంకో తేదీ అడుగు, అడిగితే ఇస్తారు.

నీ మేనత్త