సముద్రం మాట ఎంతవరకు వినాలి

రాజురా తాలూకా నల్లరేగడిలో పత్తి, సోయా, కంది పండిస్తూ ముసలివాణ్ణయ్యాను. నిజాం కాలంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, తర్వాత చంద్రపూర్‌లో కలిసిన నేల ఇది. తెలుగు, మరాఠీ రెండూ ఇంటి భాషలే. మృగశిర కార్తె దగ్గర పడితే కుర్రవాళ్లు వచ్చి అడుగుతారు: "తాతా, ఈసారి ఎల్ నినో అంటున్నరు. పత్తి పెట్టాల్నా వద్దా?" వాళ్ల కోసమే ఇది.

1. ముందు ఆ సముద్రమేదో తెలుసుకోండి.

మనకు వాన మోసుకొచ్చేవి అరేబియా, బంగాళాఖాతం. కానీ కాలం మొత్తానికి సూచన చెప్పేవాళ్లు ముందుగా చూసేది పసిఫిక్ నడిభాగాన్ని, భూమధ్యరేఖ దగ్గర. మామూలు ఏళ్లలో అక్కడి తూర్పు గాలులు వేడి నీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. ఆ గాలులు నీరసిస్తే వేడి నీరు వెనక్కి, పెరూ వైపు జరుగుతుంది. నడి పసిఫిక్ నీళ్లు సగటు కంటే అర డిగ్రీ దాటి వేడెక్కి నెలల తరబడి అలాగే ఉంటే అది ఎల్ నినో. అంతే చల్లబడితే లా నినా. వేడి నీటి మీద గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. ఆ చోటు తూర్పుకు జరిగినప్పుడు మన వైపు గాలి కిందికి దిగుతుంది. దిగే గాలిలో మబ్బు ఎదగదు.

ఈ చదువు ఆకలి చావుల్లోంచి వచ్చింది. 1899 కరువు తర్వాత, 1904లో మన వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గణితవేత్త గిల్బర్ట్ వాకర్, పసిఫిక్‌లో ఒక వైపు గాలి పీడనం పెరిగితే మరో వైపు తగ్గుతుందని లెక్క కట్టి చూపాడు. ఆ ఊగిసలాటకూ సముద్రపు వేడికీ ఉన్న ముడిని 1960ల్లో యాకబ్ బ్యెర్క్‌నెస్ విప్పాడు. అంత శ్రమతో చేతికొచ్చిన మాటను పుకారులా వినడం నాకు నచ్చదు.

2. ఎల్ నినో అనగానే కరువని రాసుకోవద్దు.

2002లో దేశానికి సగటులో 81 శాతం వానే పడింది. నాట్లకు, పైరుకు ప్రాణమైన జులైలో సగం కూడా లేదు. 2009లో 78 శాతం. 2015లో 86. ఈ మూడూ ఎల్ నినో ఏళ్లే. కానీ 1997లో గత శతాబ్దంలోకెల్లా బలమైన ఎల్ నినోల్లో ఒకటి వచ్చినా 102 శాతం పడింది. అప్పుడు హిందూ మహాసముద్రం మనకు సాయపడింది. సుమత్రా వైపు నీళ్లు చల్లబడి, ఆఫ్రికా వైపు నీళ్లు వేడెక్కితే మన వానకు బలం వస్తుంది. దీన్ని శాస్త్రవేత్తలు గుర్తించి రాసింది 1999లోనే. 2019లో జూన్ నెల మూడో వంతు లోటుతో పోయింది. అందరం ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాం. తర్వాత హిందూ మహాసముద్రం మళ్లీ అలాగే మారింది, అదే ఏడు చివరికి 110 శాతంతో ముగిసింది. అందుకని పసిఫిక్ ఒక్కదాని కబురు విని ఊరుకోకండి.

3. వాన లోటు చేనులోనే ఆగదు.

2009 తర్వాతి వేసవిని చంద్రపూర్ మరిచిపోలేదు. ఇరై ఆనకట్టలో నీళ్లు అడుగంటి, 2010లో ఇక్కడి పెద్ద థర్మల్ కేంద్రంలో యూనిట్లు ఆపాల్సి వచ్చింది. బొగ్గు గనుల నడుమ కూర్చున్న కేంద్రం నీళ్లు లేక ఆగింది. ముందటేడు పసిఫిక్‌లో మారిన వేడి, మరుసటి మే నెలలో మన ఊరి బావిదాకా వస్తుంది. కనుక బలహీనమైన కాలం అని సూచన వస్తే సెప్టెంబరు నుంచే నీళ్లు పొదుపు చేయాలి. తూర్పున బ్రహ్మపురి, సిందేవాహి వైపు వరి చేసేవాళ్లకు పాత మాలగుజారీ చెరువులున్నాయి. వాటి తూములు, పూడిక చూసుకోవలసింది వేసవిలో, సూచన వచ్చిన వెంటనే.

4. దేశం లెక్క వేరు, మన చేను లెక్క వేరు.

నాలుగు నెలలకు దేశ సగటు 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం పడితే సాధారణం అంటారు. ఆ అంకెలో మన ఊరు ఎక్కడుందో కనబడదు. 2023 ఎల్ నినో ఏడు, దేశానికి 94 శాతం. అదే ఏడు జులై ఆఖరున గోదావరికి అవతల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో అంతకుముందు ఒక్క రోజులో అంత వాన నమోదు కాలేదు. వెంటనే ఆగస్టు దేశమంతటా 36 శాతం లోటుతో ఎండింది. పత్తి పూత మీద, సోయా కాయ మీద ఉండే నెల అది. వరద, కరువు రెండూ ఒకే కాలంలో వచ్చాయి.

2022 లా నినా ఏడు. జులైలో వర్ధా నది పొంగి మన చేలు మునిగాయి. వైన్‌గంగతో కలిసి ప్రాణహితగా మారి ఆ నీరే గోదావరిలో చేరింది. పైనుంచి వచ్చిన వరద కూడా కలిసి భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. మనకు ఇలాంటి పెద్ద వానలు తెచ్చేవి బంగాళాఖాతంలో పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా వచ్చే అల్పపీడనాలు. అవి ఏ వారం పుడతాయో ఏప్రిల్‌లో పసిఫిక్‌ను చూసి ఎవరూ చెప్పలేరు.

5. ఏప్రిల్ మాటకంటే మే ఆఖరు మాట మేలు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో పసిఫిక్ ఎటు తిరుగుతుందో దానికే స్థిరం ఉండదు. మే చివర వాతావరణ శాఖ సవరించి చెప్పేదాకా విత్తనాలన్నీ కొనేయకండి.

6. విత్తే రోజును సముద్రాన్ని అడగొద్దు.

75 నుంచి 100 మిల్లీమీటర్లు పడి, నేల లోపలిదాకా నానాకే గింజ వేయాలి. మొదటి జల్లుకే తొందరపడినవాళ్లు దుబార్ పేరణీకి, అంటే రెండోసారి విత్తడానికి, మళ్లీ అప్పు చేయడం ఎన్నో ఏళ్లు చూశాను. విదర్భలో ఆ రెండో అప్పే ఇళ్లను కూల్చింది. కాలం సూచన పనికొచ్చేది వేరే నిర్ణయాలకు: చేనంతా పత్తేనా, సాళ్ల మధ్య కంది ఉండాలా, త్వరగా కోతకొచ్చే సోయా రకం తీసుకోవాలా, ఎంత అప్పు చేయాలి. రోజువారీ పనికి మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా చూడండి.

7. జులై ఆఖరున మళ్లీ అడగండి.

ఆగస్టు, సెప్టెంబరు నెలలకు వాతావరణ శాఖ అప్పుడు వేరుగా సూచన ఇస్తుంది. జూన్ సంగతి చదివి దాన్ని చదవనివాళ్లే ఎక్కువ. అప్పటికి పసిఫిక్, హిందూ మహాసముద్రం రెండింటి తీరూ చాలావరకు తేలిపోతుంది. ఎరువు రెండో దఫా వేయాలా, ఉన్న నీటిని ఏ మడికి ఆపాలి, రబీకి శనగ ఎంత వేయాలి అన్నవి ఆ కాగితం చూశాకే తేల్చుకోండి.