ఒక్క తీరు చద్దర్లు

మహారాష్ట్రలోని సోలాపూరు చద్దర్లకు పేరుపొందిన పట్టణం. తెలంగాణ ప్రాంతం నుండి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు అనేకం అక్కడ తరతరాలుగా మగ్గాల పనిలో ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి కథ ఇది.

ఆ ఇంట్లో తల్లికి ఇద్దరు కూతుళ్ళు, ఒక కొడుకు. కూతుళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి. కొడుకు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. దసరాకు కూతుళ్ళిద్దరూ పుట్టింటికి వస్తున్నారని తల్లి వారికి చెరొక చద్దరు పెట్టాలనుకొన్నది. తెలిసిన దుకాణానికి చీటీ రాయమని కొడుకుతో చెప్పింది.

"రెండూ ఒక్క తీరుగ ఉండాలె కొడుకా. పెద్దదానికి ఒక తీరు, చిన్నదానికి ఒక తీరు పెడితే ఎవరో ఒకరి మనసు చిన్నబోతది" అన్నది.

పిల్లవాడు కలం పట్టుకొని ఆలోచించాడు. 'ఒక్క తీరు' అనేది ఇంట్లో మాట్లాడే మాట, చీటీలో పుస్తకంలోని మాట ఉంటేనే బాగుంటుందని అతనికి తోచింది. "మా అక్కలిద్దరికీ ఒకే చద్దరు పంపగలరు" అని రాసి పంపాడు.

సాయంత్రానికి ఒక చద్దరు వచ్చింది. దుకాణదారుది తప్పు లేదు. చీటీలో ఉన్నదే పంపాడు. 

మరునాడు రెండో చీటీ వెళ్ళింది. "ఒకేలాంటి చద్దర్లు రెండు పంపగలరు." ఈసారి రెండు వచ్చాయి. ఒకే రంగు, ఒకే అంచు, నడుమ ఒకే పువ్వు. పిల్లవాడు సంతోషించాడు. తల్లి మాత్రం రెండింటినీ పరచి మూరతో కొలిచింది. ఒకటి జానెడు పొట్టి.

"తీరు ఒక్కటే గాని కొలత ఒక్కటి కాదు" అన్నది.

మూడోసారి చీటీ లేదు. పిల్లవాడే వెళ్ళాడు. "రెండూ ఒకేలాంటివి కావాలి, కొలత కూడా సమానంగా ఉండాలి" అని చెప్పి, అక్కడే కొలిపించి తెచ్చాడు. పండుగనాడు చిన్నకూతురు రెండు చద్దర్లనూ పక్కపక్కన పరచి చూసింది. ఏమీ అనలేదు. తనదాన్ని మడిచి సంచిలో పెట్టుకొన్నది.

భాషాంశం

పై కథలోని ఒకే, ఒకేలాంటి, సమానం అనే మాటలను గమనించండి. మూడూ దగ్గరి అర్థాలు గలవే. కాని ఒకదాని చోట మరొకటి వాడితే వచ్చే చిక్కు చూశారు కదా!

'ఒక' అనే మాటకు నొక్కి చెప్పే 'ఏ' చేరి 'ఒకే' అయింది. 'ఒకే చద్దరు' అన్నప్పుడు వస్తువు ఒకటి, దాన్ని పంచుకొనేవారు ఇద్దరు. 'ఒకేలాంటి చద్దర్లు' అన్నప్పుడు వస్తువులు రెండు, వాటి రూపం ఒకటి. అందుకే 'ఒకేలాంటి' తరువాత నామవాచకం సాధారణంగా బహువచనంలో ఉంటుంది. 'సమానమైన' అనే మాట రూపాన్ని పట్టించుకోదు. కొలతనో, విలువనో, స్థాయినో చెబుతుంది. కిలో ఇనుము, కిలో దూది సమానమైన బరువు గలవి. ఆ రెండింటినీ ఒకేలాంటివి అని ఎవరూ అనరు.

రంగు, ఎత్తు, వెల వంటి గుణాలకు 'ఒకే' చక్కగా సరిపోతుంది. "రెండు చద్దర్లూ ఒకే రంగు" అంటే దోషం లేదు. "తరగతిలో నలభై మంది ఒకే పుస్తకం చదువుతున్నారు" అన్న వాక్యం మరింత ఆలోచింపజేస్తుంది. ప్రతులు నలభై ఉన్నా, వాటిలోని పాఠం ఒక్కటే కనుక ఆ వాక్యం సరైనదే.

విశేషణాన్ని నామవాచకానికి ముందు వాడతాం. వాక్యం చివర 'ఒకే' నిలవదు, 'ఒకటే' అవుతుంది. "మీ ఊరూ మా ఊరూ ఒకటే." అయితే "రాత్రంతా ఒకటే వాన" అంటే ఒక్క వాన అని కాదు, ఎడతెరిపి లేని వాన అని. తమిళంలోనూ ఇలాంటి వానను 'ఒరే మళై' అంటారు. తెలుగులో 'ఒరే' అంటే మాత్రం ఎవరో వెనక్కి తిరిగి చూస్తారు!

మరాఠీ బడులకు దగ్గరగా ఉన్నవారు మరొకటి గమనించాలి. మరాఠీలో సారఖా రంగ్, సారఖీ చాదర్, సారఖే కపడే అని నామవాచకాన్ని బట్టి విశేషణం మారుతుంది. తెలుగులో 'ఒకేలాంటి' మారదు. ఒకేలాంటి చొక్కాలు, ఒకేలాంటి చీరలు, ఒకేలాంటి పిల్లలు. మారేది క్రియను విశేషించినప్పుడే. "ఇద్దరికీ సమానమైన పని ఇచ్చారు", "ఇద్దరూ సమానంగా పని చేశారు" అనే వాక్యాలను పోల్చి చూడండి.

బడిలో వేసుకొనే యూనిఫారాన్ని కన్నడంలో సమవస్త్ర అంటారు, తెలుగులో ఏకరూప దుస్తులు అంటారు. తెలుగు మాటలో 'రూపం' ఉన్నది, కొలత లేదు. ఒకటో తరగతి పాప గౌను, అయిదో తరగతి పాప గౌను ఏకరూపమే కాని సమానం కావు. గణితంలో ఈ భేదాన్ని ఇంకా కచ్చితంగా పాటిస్తారు. ఆకారం ఒకటై, పరిమాణం వేరు కాగల త్రిభుజాలు సరూపాలు. ఆకారమూ పరిమాణమూ రెండూ ఒకటైతే అవి సర్వసమానాలు. దుకాణం నుండి రెండోసారి వచ్చిన చద్దర్లకు రంగు, అంచు, పువ్వు కలిసినా కొలత కలవలేదు. తల్లి కోరినవి ఆ కొలత కూడా కలిసినవి.

చట్టంలోనూ ఇంతే. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 14వ అధికరణంలో చట్టం ముందు సమానత్వాన్ని ఇచ్చింది. అందరూ ఒకేలాంటి వారని అది అనలేదు. ఒకే భాష మాట్లాడాలని, ఒకే తిండి తినాలని కోరలేదు.

ఇక ఆ పిల్లవాడు వదిలేసిన 'ఒక్క తీరు' సంగతి. అది తప్పు మాట కాదు. తీరు అంటే విధం, పద్ధతి. తల్లి మాటలో ఉన్న అర్థం 'ఒకేలాంటి' అన్నదే. దాన్ని తీసివేసి 'ఒకే' పెట్టడంతోనే చీటీ చెడింది. హోసూరు వైపు, బళ్ళారి వైపు 'ఒకే మాదిరి' అంటారు. యానాంలో 'ఒకేలాగ' అంటారు. ఈ మాటలన్నీ ఒకేలా లేవు. చీటీలో రాస్తే మాత్రం వీటిలో దేనికైనా దుకాణం నుండి వచ్చేవి రెండు చద్దర్లే.

అభ్యాసం

"తాత మనుమలిద్దరికీ ఒకే ఎకరం ఇచ్చాడు", "తాత మనుమలిద్దరికీ సమానమైన భాగం ఇచ్చాడు" అనే వాక్యాలలో మనుమలకు దక్కినదేమిటో వివరించండి.

'ఒకే తానులో ముక్కలు' అనే జాతీయాన్ని ఎలాంటి సందర్భంలో వాడతారో పెద్దలను అడిగి తెలుసుకొని, సొంత వాక్యం రాయండి.

'ఒకేలాంటి' అనడానికి మీ ఇంట్లో ఏ మాట వాడతారు? ఆ మాటతోనే దుకాణానికి ఒక చీటీ రాయండి. దాన్ని పక్కవారికిచ్చి, ఎన్ని వస్తువులు పంపుతారో అడగండి.