బృందగానమున నేర్పరులు, క్రొత్తవారు

మహాశివరాత్రి జాగరణమునాడు మహానంది వంటి క్షేత్రమున భజన బృందములను గమనించిన వారికి ఒక విషయము తోచకపోదు. ఏండ్ల తరబడి తాళము పట్టిన వృద్ధుడును, మొన్న మొన్ననే చిడతలు చేతబట్టిన బాలుడును ఒకే వరుసలో నుందురు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు పల్లెలలో పొలముపని ముగిసిన పిదప గుడి అరుగుపై కూడు ఇట్టి బృందములకు ప్రవేశ పరీక్ష లేదు. సంగీత పాఠశాలలో తరగతులు పెక్కు; ఇచ్చట నున్నది ఒక్కటే తరగతి. అయినను పాట సాగుచున్నది. అది ఎట్లు సాగుచున్నదో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇట్టి బృందము చెడుటకు మార్గములు రెండు. పాట కఠినమైనచో క్రొత్తవాడు సిగ్గుపడి మానును. మిక్కిలి సులభమైనచో నేర్పరి విసుగు చెంది మానును. మొదటివాడు చెప్పకయే పోవును, రెండవవాడు చెప్పి పోవును. కావున మన చెవిని బడునది రెండవవాని ఫిర్యాదు మాత్రమే.

రాయలసీమ చెక్కభజనను పరిశీలింపుడు. లోహపు బిళ్ళలు అమర్చిన కొయ్య చెక్కలను చేతబట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి, అందరును ఒకే అడుగు వేయుదురు. గురువు పాట ఎత్తుకొనును. తక్కినవారు దానిని అందుకొందురు. ఇందలి కిటుకును శాస్త్రభాషలో చెప్పుటకు ఆదితాళమును తీసికొందము. ఆవర్తమునకు ఎనిమిది అక్షరములు. క్రొత్తవాడు మొదటి అక్షరమునకును, అయిదవ అక్షరమునకును మాత్రమే చెక్కలు కొట్టినను చాలును. కొంత సాధన చేసినవాడు ప్రతి అక్షరమునకును కొట్టును. చేయి తిరిగినవాడు అక్షరమునకు రెండుగాను, నాలుగుగాను కొట్టును. మువ్వురును మొదటి అక్షరమున మరల కలిసికొందురు. పాట ఒక్కటే, లయ ఒక్కటే. పని మాత్రము ఎవరి శక్తి కొలది వారిది. క్రొత్తవానిది తక్కువ పనియేగాని దొంగపని కాదు. ఆ రెండు దెబ్బలు చోటు తప్పినచో నేర్పరి నడకయు చెదరును.

త్యాగరాజస్వామి (1767–1847) పండితులకు ఘనరాగ పంచరత్నములను కూర్చెను; భజనపరులకు దివ్యనామ కీర్తనలను కూర్చెను. ఈ రెండవ విధమైన కీర్తనలు పెక్కింటిలో చరణములన్నిటికిని వరుస ఒక్కటే. మొదటి చరణమును ఊరక విన్నవాడు మూడవ చరణమునకు గొంతు కలుపగలడు. ఉర్దూ విద్యార్థులకు ఖవ్వాలీ ఉదాహరణము చాలును. ప్రధాన గాయకుడు ఎంత దూరము విహరించినను, వెనుక కూర్చున్న హమ్‌నవాలు చప్పట్లతో పంక్తిని నిలిపి యుంచుటచేతనే ఆతడు మరల వచ్చి చేరగలుగుచున్నాడు. హమ్‌నవా యనగా గొంతు కలిపినవాడని యర్థము. విదేశములందును ఇదియే పద్ధతి. పోర్చుగీసు వలసదారులు 1879లో మదీరా ద్వీపము నుండి హవాయికి కొనిపోయిన చిన్న వాద్యము నుండి పుట్టినది నాలుగు తీగల ఉకులేలే. నేడు పలు దేశములలో దానిని వాయించు ఔత్సాహిక బృందములున్నవి. అచ్చటను క్రొత్తవాడు తనకు తెలిసిన ఒక్క స్వరమేళమును దాని చోట మీటి తక్కిన చోట మౌనము వహించును. నేర్పరి పాట వరుసనే పలికించును.

నా పొరపాటు నొకదానిని ఇచ్చట చెప్పవలెను. చాల కాలము క్రిందట ఒక కళాశాలలో వార్షికోత్సవ గానము నాకు అప్పగింపబడెను. సభ రక్తికట్టవలెనను ఆతురతతో బాగుగా పాడు కొందరిని ఏరుకొని, తక్కినవారిని ప్రేక్షకులలో కూర్చుండబెట్టితిని. సభ రక్తికట్టెను. మరుసటి సంవత్సరము పాడినవారిలో పలువురు చదువు ముగించుకొని పోయిరి. కూర్చుండబెట్టబడినవారు తిరిగి రాలేదు. పిలిచినను రాలేదు. అందొక బాలుడు “మాకు పాట రాదు గదా, సార్” అనెను. ఆ మాట నేను నేర్పినదే.

అందువలన బృందమును శాశ్వతముగా రెండుగా చీల్చుట నాకు సమ్మతము కాదు. అట్లని నేర్పరి విసుగును అహంకారమని త్రోసివేయుటయు అన్యాయము. ఎల్లకాలము ఇతరులకై అడుగు కుదించి నడచువానికి కాళ్ళు నొచ్చును. సాధన ముగిసిన పిమ్మట వారికి అరగంట విడిగా కఠినమైన కీర్తన నొకటి ఈయవలెను. పాట ఎత్తుకొను వంతు వారిలో మారుచుండవలెను.

శ్రుతి సంగతి చాలమంది మరతురు. నాయకుడు తన గొంతునకు అనువైన శ్రుతిని పెట్టించును. పై స్థాయి అందనివాడు తనకు పాట రాదనుకొనును. అరశ్రుతి దించినచో ఆతడే పాడును. కాలము పరుగెత్తుటకు సాధారణముగా కారకులు క్రొత్తవారు కారు, ఉత్సాహవంతులైన నేర్పరులే. కావున తాళము నిబ్బరము గలవాని చేత నుండవలెను. ఆతడు గొప్ప గాయకుడు కానక్కరలేదు. క్రొత్తవారినందరిని చివర ఒక్కచోట కూర్చుండబెట్టరాదు. ఒక్కొక్కని ప్రక్కన నిలకడగల వానినొకని కూర్చుండబెట్టిన, చేతిని చూచి చేయి నేర్చుకొనును.

కళాశాల సంఘము వారికి ఒక మనవి. వార్షికోత్సవమునకు పాటను ఎన్నుకొనునపుడే, అందరును కలిసికొనదగిన పల్లవి అందున్నదా యని చూడుడు. ఉన్నచో ఎవరిని దించవలెనను ప్రశ్నయే రాదు. చరణములను నలుగురు పాడుదురు, పల్లవిని నలువదిమంది అందుకొందురు.